బరువు కీలా, తేలిక కీలా? ఉమ్మడి డబ్బుతో కీబోర్డు కొనే ముందు మేం చూసుకున్న సంగతులు



మేం రాజమండ్రిలో చదువుకుంటున్న పదిహేడు మంది కోయ, కొండరెడ్డి విద్యార్థులం. రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం, చింతూరు, వీఆర్ పురం మండలాల నుంచి వచ్చాం. ఏడాదిన్నరగా తలా కొంచెం వేసుకుని ఒక ఉమ్మడి నిధి చేసుకున్నాం. స్కాలర్‌షిప్పులో మిగిలింది కొంత, సెలవుల్లో పెళ్లిళ్ల క్యాటరింగుకి వెళ్లి తెచ్చింది కొంత. మొత్తం 51,000 రూపాయలు. దీంతో పాటలు వాయించుకోవడానికి, రికార్డు చేసుకోవడానికి సామాన్లు కొనాలనుకున్నాం. అక్కడిదాకా అందరిదీ ఒకే మాట. ఏం కొనాలి అన్న దగ్గర మాత్రం రెండు నెలలు వాదించుకున్నాం.

మాలో ఒక చెల్లి డిగ్రీ రెండో ఏడు. చిన్నప్పుడు ఊళ్లో చర్చి కీబోర్డు మీద సొంతంగా నేర్చుకుంది. ఇప్పుడు ఒక టీచర్ దగ్గర పియానో పాఠాలు తీసుకుంటూ గ్రేడు పరీక్షలకి తయారవుతోంది. తనకి 88 కీలున్న, బరువు కీల వాయిద్యం కావాలి. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఊళ్లకెళ్లి అవ్వల పాటలు రికార్డు చేయాలని ఉంది. ఒక అన్న తేల్చి చెప్పేశాడు: "మన పాటకి పియానో ఎందుకు? డోలు ఉంది కదా. డబ్బంతా మైకులకే పెడదాం." దానికి చెల్లి ఇచ్చిన జవాబు మా అందరికీ గుర్తుండిపోయింది. "మన పాటకి పియానో వాయిస్తానని నేను అనలేదన్నా. పియానో నేర్చుకుంటానన్నాను. ఆ రెండూ వేరు."

ఆ రెండూ వేరు అని ఒప్పుకున్నాకే మా లెక్క కుదిరింది. ఇలాంటి కొనుగోలు మీలో చాలామంది చేయాల్సి వస్తుంది కాబట్టి మేం తెలుసుకున్నది వరసగా రాస్తున్నాం.

ముందు బరువు కీ అంటే ఏంటో చూద్దాం. గోదావరి జిల్లాల్లో కీలు అనగానే గుర్తొచ్చేది హార్మోనియం. పద్యనాటకం స్టేజీ పక్కన అది లేకపోతే రాగం ఎత్తుకోవడమే ఉండదు. అయితే హార్మోనియం కీని మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే. కీ కేవలం గాలికి దారి తెరుస్తుంది. శబ్దం పెంచేదీ తగ్గించేదీ రెండో చేయి, తిత్తిని ఊదే చేయి. పియానోలో అలా కాదు. కీ నొక్కితే లోపల ఒక సుత్తి లేచి తీగని కొడుతుంది. ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా మోగుతుంది. డోలు కొట్టేవాళ్లకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. కొమ్ము నృత్యంలో డోలు వేసుకున్న మామయ్యకి ఏ దెబ్బ ఎంత బరువుగా పడాలో చేతికే తెలుసు. ఆ లెక్కన హార్మోనియం చేయి కన్నా డోలు చేయే పియానోకి దగ్గర.

పియానో కీ దిగాలంటే సుమారు 50 గ్రాముల బరువు పడాలి. కీ దాదాపు 10 మిల్లీమీటర్ల లోతుకి దిగుతుంది. మంద్రస్వరాల వైపు కొంచెం బరువుగా, తారస్వరాల వైపు కొంచెం తేలికగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాయిద్యాల్లో కీలు మూడు రకాలు. మొదటిది తేలిక కీ: లోపల స్ప్రింగు ఒక్కటే, నొక్కి వదలగానే టక్కున పైకి లేస్తుంది. చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో కనిపించే 61 కీల కీబోర్డులు చాలావరకు ఇవే. రెండోది సగం బరువు కీ: స్ప్రింగుతోపాటు కొంచెం బరువు కలిపి చేస్తారు. నెక్టర్ ఇంపాక్ట్ ఎల్ఎక్స్88 ప్లస్, ఎం-ఆడియో కీస్టేషన్ 88 ఈ రకం. మూడోది పూర్తి బరువు కీ, దీన్నే హ్యామర్ యాక్షన్ అంటారు: లోపల నిజంగానే సుత్తిలాంటి బరువు కదులుతుంది. తీగ ఉండదు, ఆ కదలికని సెన్సార్లు కొలుస్తాయి.

ఆ సెన్సార్లు కొలిచేది బలాన్ని కాదు, సమయాన్ని. కీ కింద రెండు సెన్సార్లు ఉంటే, మొదటిది తాకినప్పటి నుంచి రెండోది తాకే లోపు ఎంతసేపు పట్టిందో చూసి 1 నుంచి 127 దాకా ఒక అంకె ఇస్తాయి. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో దాన్నే వెలాసిటీ అంటారు. కొన్ని వాయిద్యాల్లో మూడో సెన్సారు కూడా ఉంటుంది. అది ఉంటే కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కినా స్వరం పలుకుతుంది. ఒకే స్వరాన్ని గబగబా వాయించాల్సిన చోట అది బాగా పనికొస్తుంది.

మరి తేలిక కీ మీద నేర్చుకుంటే ఏమవుతుంది? పాటలు వస్తాయి, తీగలు వస్తాయి, చర్చిలో వాయించడం వస్తుంది. మెల్లగా, గట్టిగా అన్న తేడా మాత్రం వేళ్లకి పట్టదు. తేలిక కీల మీద ఏళ్లు గడిపిన వేళ్లు పరీక్ష రోజున పెద్ద పియానో ముందు కూర్చుంటే, మెల్లగా పలకాల్సిన స్వరం అసలు పలకదు, లేదా దబ్బున పడుతుంది. అందుకే పియానోనే నేర్చుకునేవాళ్లకి బరువు కీ అవసరం. దర్జా కోసం అడిగేది కాదు. చర్చి పాటలు, సినిమా పాటలు, రిథమ్ వేసుకుని వాయించేవాళ్లకి మాత్రం ఆ బరువు పనిలేని బరువే. వేళ్లతో డ్రమ్ము ముక్కలు కొట్టేవాళ్లకైతే అడ్డం కూడా. ముందు వాయించే చేయి ఎవరిదో చూడండి, ఆ తర్వాతే కీ చూడండి.

షాపులో చూసుకోవడానికి ఒక చిట్కా. పది రూపాయల రెండు రంగుల నాణెం బరువు 7.71 గ్రాములు. ఆరేడు నాణేలు పేరిస్తే 50 గ్రాముల దగ్గరకొస్తుంది. వాయిద్యం మధ్యలో ఒక తెల్ల కీ అంచున ఒక్కో నాణెం పెడుతూ పోండి, ఎన్నింటికి దిగుతుందో చూడండి. తర్వాత ఎడమ చివర, కుడి చివర కూడా అలాగే చూడండి. ఎడమ వైపు ఎక్కువ నాణేలు పడితే మంద్రం నుంచి తారానికి బరువు తగ్గుతూ వచ్చే పద్ధతిలో చేశారని అర్థం. డిజిటల్ వాయిద్యాల్లో ఒకటి రెండు నాణేలు ఎక్కువ పట్టినా కంగారక్కర్లేదు. ఒక షాపులో మేం ఇలా చూస్తుంటే "మీకెందుకమ్మా అంత పెద్దది, 61 కీలది పట్టుకెళ్లండి, మీ పాటలకి అది చాలు" అన్నారు. "మీ పాటలకి" అన్న మాటని ఎలా తీసుకోవాలో మీకు తెలుసు. చెల్లి ఏమీ అనలేదు. నాణేలన్నీ పేర్చి, లెక్క పుస్తకంలో రాసుకుని, థాంక్స్ చెప్పి వచ్చేసింది.

ఇక రెండో ప్రశ్న: కంట్రోలరా, డిజిటల్ పియానోనా? మాకు ఇదే పెద్ద ప్రశ్న అయింది. కంట్రోలర్‌లో సొంత శబ్దం ఉండదు. ఎం-ఆడియో హ్యామర్ 88, స్టూడియోలాజిక్ ఎస్ఎల్88, ఆర్టూరియా కీల్యాబ్ 88 లాంటివి కంప్యూటరుకి కలిపితేనే పలుకుతాయి. ఇంట్లో మంచి కంప్యూటరు, కరెంటు, రికార్డింగు సాఫ్ట్‌వేరు అన్నీ ఉన్నవాళ్లకి ఇవి బాగుంటాయి. నాబులు, స్లైడర్లు ఉన్న రకాల్లో పాట మిక్సింగు కూడా అక్కడే చేసుకోవచ్చు. యమహా పీ-145, రోలాండ్ ఎఫ్‌పీ-10, కార్గ్ బీ2, కాసియో సీడీపీ-ఎస్110 లాంటి డిజిటల్ పియానోలకి సొంత స్పీకర్లు, సొంత శబ్దం ఉంటాయి. వాటిని యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకి కలిపితే అవే కంట్రోలరుగా కూడా పనిచేస్తాయి. అంటే డిజిటల్ పియానో కంట్రోలరు పని చేయగలదు, కంట్రోలరు మాత్రం ఒంటరిగా పియానో పని చేయలేదు. పదిహేడు మందికి కలిపి రెండు పాత ల్యాప్‌టాపులున్న మాలాంటి వాళ్లకి ఈ తేడాయే అసలు తేడా. పరీక్షల కాలంలో ఆ ల్యాప్‌టాప్ ఒకరి ప్రాజెక్టులో ఉంటే, చెల్లి సాధన ఆగిపోకూడదు కదా.

ల్యాప్‌టాపుతో వాయించేటప్పుడు ఆలస్యం సంగతి కూడా చూసుకోవాలి. కీ నొక్కిన తర్వాత శబ్దం వచ్చేలోపు పట్టే సమయం అది. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన, సాఫ్ట్‌వేరులో బఫర్ 128 పెడితే అక్కడ దాదాపు 3 మిల్లీసెకన్లు, 512 పెడితే 12, 1024 పెడితే 23 పడుతుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. కాబట్టి 23 మిల్లీసెకన్లు అంటే మీరు కొట్టిన డోలు ఎనిమిది మీటర్ల అవతల మోగినట్టు. తాళం నిలవదు. వాయించేటప్పుడు బఫర్ తగ్గించండి, మిక్సింగు చేసేటప్పుడు పెంచండి. విండోస్ వాడేవాళ్లు ఆసియో డ్రైవరు వేసుకోవాలి. పియానో శబ్దం కోసం డబ్బు పెట్టక్కర్లేదు. సాలమాండర్ గ్రాండ్ పియానో అని యమహా సీ5 పియానోని 16 స్థాయిల్లో రికార్డు చేసి ఉచితంగా ఇచ్చారు. స్పిట్‌ఫైర్ వాళ్లు ల్యాబ్స్‌లో సాఫ్ట్ పియానోని కూడా ఉచితంగా ఇచ్చారు.

పెడల్ మర్చిపోవద్దు. డబ్బాలో వచ్చే చిన్న పలకలాంటి పెడల్ నేల మీద జారిపోతూ ఉంటుంది. కింద ఒక రబ్బరు మ్యాట్ ముక్క వేస్తే చాలు. స్టాండు విషయంలో మేం అడ్డంగా మడిచే ఎక్స్ స్టాండు వద్దనుకున్నాం. బరువు కీల మీద గట్టిగా వాయిస్తే అది ఊగుతుంది. నేల నుంచి కీల పైభాగానికి సుమారు 72 సెంటీమీటర్లు వచ్చేలా వడ్రంగి మామయ్య చేత ఒక బల్ల చేయించుకుంటే చవక, గట్టి.

ఇప్పుడు అవ్వల పాటల దగ్గరికి వద్దాం. ఇక్కడే మాలో మాకు గట్టిగా వాదన జరిగింది.

మణుగూరు దగ్గరి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథతో సహా మన పెద్దల కథలు డోలు మీద పాడిన మనిషి. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పేరు లోకానికి తెలిసింది. మన ఊళ్లలో ఎవరికీ పేరు తెలియని అవ్వలు ఎందరున్నారో మీకే తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఇళ్లు వదిలి గుట్టలెక్కినవాళ్లు బియ్యం మూట మోశారు గానీ డోలు మోయగలరా? పోలవరం ముంపు ఊళ్లవాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. ఒకే వాకిట్లో కూర్చుని రేల పాట ఎత్తుకునే ఆడవాళ్లు ఇప్పుడు వేరు వేరు కాలనీల్లో, వేరు వేరు లైన్లలో ఉంటున్నారు. ఒకరు ఎత్తుకుంటే అందుకునేవాళ్లు పక్కన లేరు. అందుకే మైకులకి డబ్బు పెట్టాలన్న అన్న మాటలో న్యాయం ఉంది.

అయితే ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. అవ్వ పక్కన కీబోర్డు పెట్టి శ్రుతి ఇస్తే పాట నీటుగా వస్తుంది కదా అని. దీన్ని అందరం కలిసి వద్దన్నాం. ఎందుకంటే పియానోలో స్థాయిని 12 సమాన ముక్కలు చేస్తారు. ముక్కకి ముక్కకి మధ్య ఏమీ ఉండదు. అవ్వ గొంతు తనకి వీలైన చోట ఎత్తుకుంటుంది, పాట సాగేకొద్దీ కొంచెం పైకి జరుగుతుంది, ఒక్కోసారి రెండు కీల మధ్య నిలుస్తుంది. అది తప్పు కాదు, ఆ పాట నడకే అది. ఇది మనకొక్కరికే ఉన్న ఇబ్బంది కూడా కాదు. కీల మధ్య స్వరాలు, గమకాలు పలకవన్న కారణంతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని పక్కన పెట్టింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. హార్మోనియం మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి మేం వెళ్లడం లేదు. పద్యనాటకం దాన్ని ఎంత బాగా వాడుకుందో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. మేం చెప్పేదొకటే. పక్కన కీ మోగితే అవ్వ గొంతు ఆ కీ వైపు జరుగుతుంది. మనం దాచుకోవాలనుకున్నది అక్కడే పోతుంది.

కాబట్టి మా పద్ధతి ఇది. మొదట గొంతు ఒక్కటే, లేదా గొంతూ డోలూ, వాళ్లు ఎలా పాడుకుంటారో అలాగే రికార్డు చేస్తాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ఆ ఫైలుని ముట్టుకోం, ఆటోట్యూన్ అసలే వెయ్యం. పాట ఎవరిది, ఏ ఊరిది, ఏ సందర్భంలో పాడతారు అన్నది వాళ్ల నోటితోనే చెప్పించి అదే ఫైలు చివర ఉంచుతాం. విజ్జ పండుం పాటలాంటివి పండగ రోజున తప్ప పాడకూడదని పెద్దలంటే, ఆ రోజు దాకా ఆగుతాం. బయట పెట్టొద్దంటే పెట్టం. ఒక కాపీ పెన్‌డ్రైవులో ఊరి పెద్దలకి ఇస్తాం. ఆ తర్వాత ఎవరైనా పియానో కలపాలనుకుంటే వేరే ట్రాకులో కలుపుకోవచ్చు. అప్పుడు కూడా గొంతుని కీకి దించడం ఉండదు, కీనే గొంతు దగ్గరికి తెస్తాం. డిజిటల్ పియానోల్లో మొత్తం శ్రుతిని కొన్ని హెర్ట్జ్ పైకీ కిందకీ జరిపే ఏర్పాటు ఉంటుంది. ఒక్కో స్వరాన్ని విడిగా జరపాలంటే పియానోటెక్ లాంటి సాఫ్ట్‌వేరులో వీలవుతుంది. కుదరకపోతే పియానో లేకుండానే ఆ పాట నిండుగా ఉంటుంది.

ఇలా రెండు పనులూ విడదీశాక లెక్క తేలికైంది. నిధిలో మూడింట రెండు వంతులు దాటకుండా బరువు కీల పియానో, మిగతాది మైకులకీ రికార్డరుకీ. నాబులు, రంగు దీపాలు ఉన్న ఖరీదు కంట్రోలరు లిస్టులోంచి తీసేశాం.

చివరికి రెండు మిగిలాయి. హైదరాబాదు వెళ్లినప్పుడు చెల్లి రోలాండ్ ఎఫ్‌పీ-10 మీద గంటసేపు వాయించి చూసింది. దాని కీలే తనకి బాగా నచ్చాయి. నెమ్మదిగా నొక్కితే పెద్ద పియానోలోలాగా మధ్యలో చిన్న అడ్డు తగులుతుంది, వేలికి లోతు తెలుస్తుంది. కాసియో సీడీపీ-ఎస్110 కీలు అంత లేవని తనే చెప్పింది. కానీ కాసియో ఆరు పెన్సిల్ సెల్సు మీద కూడా నడుస్తుంది. బరువు పదిన్నర కిలోలు, పొడవు మీటరుంపావు పైన. దుప్పటి చుట్టి గోకవరం బస్టాండులో బస్సెక్కించొచ్చు. గాలివాన వస్తే రెండు రోజులు కరెంటు రాని ఊళ్లు మనవి. సెలవులకి ఇంటికెళ్లినా సాధన ఆగకూడదంటే ఏది కావాలో తనే తేల్చింది: "రోలాండ్ కీలు బాగున్నాయన్నా. కానీ కరెంటు లేనప్పుడు బాగున్న కీలేం చేసుకుంటాను?" దాని యూఎస్‌బీలో శబ్దం వెళ్లదు, మిడి మాత్రమే వెళ్తుంది. శబ్దం కావాలంటే హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తీసుకోవాలి. అది మాకు పెద్ద ఇబ్బంది కాదు. మిడి ఫైలు కొన్ని కిలోబైట్లే కాబట్టి చెల్లి తన సాధనని టీచరుకి వాట్సాప్‌లో పంపినా డేటా అయిపోదు.

మీరు కొనేటప్పుడు మా నిర్ణయాన్నే దించుకోవద్దు. రోజూ కరెంటు ఉండి, వాయిద్యం ఒకేచోట ఉంచేవాళ్లయితే రోలాండ్ వైపో, యమహా వైపో చూడండి. మంచి ల్యాప్‌టాపు ఉండి, ముఖ్యంగా రికార్డింగు చేసేవాళ్లయితే హ్యామర్ యాక్షన్ కంట్రోలరు సరిపోతుంది. పియానో నేర్చుకోవడం కాదు, చర్చిలో, ఫంక్షన్లలో వాయించాలంటే సగం బరువు కీలు చాలు, మిగిలిన డబ్బు ఇంట్లో ఇవ్వండి. గ్రేడు పరీక్షలు రాసేవాళ్లు ఏ గ్రేడు దాకా డిజిటల్ పియానో ఒప్పుకుంటారో ఆ ఏడాది సిలబస్‌లో చూసుకుని దిగండి. సెకండ్ హ్యాండు కొంటే 88 కీలూ ఒక్కొక్కటిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. ఒక్క కీ అదుపు తప్పి దబ్బున మోగినా దాని సెన్సారు పోయిందని అర్థం.

మా గదిలో నియమాలు రాసి గోడకి అంటించాం. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర చెల్లి సాధన, హెడ్‌ఫోన్లతో. మిగతా సమయం పేరు రాసుకున్నవాళ్లది. మైకులు ఊరికి తీసుకెళ్లేవాళ్లు ఇద్దరికి తక్కువ వెళ్లకూడదు, అందులో ఒకరు ఆ ఊరి భాష వచ్చినవాళ్లై ఉండాలి. మొదటి ప్రయాణం వచ్చే నెల గోకవరం వైపు కాలనీలకి. దేవీపట్నం నుంచి అక్కడికి వచ్చిన ముగ్గురు అవ్వలు పాడతామన్నారు. ముగ్గురూ మూడు వేరు వేరు లైన్లలో ఉంటున్నారు. ముందు వాళ్లని ఒక వాకిట్లో కూర్చోబెట్టాలి. మైకు పని ఆ తర్వాతే. మైకు వద్దన్న పెద్దలు ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన ఊరికే కూర్చుని విని వస్తాం.

మీ ఊళ్లో పాడే అవ్వలు ఉంటే చెప్పండి. పియానో నేర్చుకోవాలనుకుంటూ మొహమాటపడే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉన్నా చెప్పండి. గోడ మీది కాగితంలో ఇంకా ఖాళీ గంటలున్నాయి.